సీట్లో జున్ను

"ఎండలో పెట్టండి మేడమ్, అదే పోతుంది."

ఐదారు రోజులుగా ఈ మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. కార్‌వాష్ కుర్రాడు పద్దెనిమిది వందలు జేబులో వేసుకున్నాక చెప్పిన మాట ఇది. ఎండలో పెడితే పోయేదానికి నీకు 1,800 ఎందుకయ్యా అని అప్పుడే అడగాల్సింది. నాకు అడగాల్సిన మాటలన్నీ ఇంటికొచ్చి చెప్పులు విప్పాకే తడతాయి, మీకు తెలిసిందే. ఇప్పుడు రాత్రి పదకొండున్నర. ఇల్లు సద్దుమణిగింది. ఎవరితోనైనా చెప్పుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

కారు సంగతే. వాసన పోలేదు.

బావగారింట్లో గేదె ఈనింది. అత్తయ్యకి జున్నంటే ప్రాణమని రెండు లీటర్ల స్టీలు క్యాన్ నిండా జున్నుపాలు పోసి ఇచ్చారు. అదీ మొదటి పూట పాలు. పచ్చగా, చిక్కగా, వంచితే తీగలా సాగుతున్నాయి. మూత కింద ప్లాస్టిక్ కవరు పెట్టి బిగించి, "డిక్కీలో వద్దు, దొర్లిపోద్ది, అత్తయ్య పక్కన సీట్లో పెట్టండి" అంది అక్క. పెట్టాం. కోదాడ నుంచి సూర్యాపేట, నార్కట్‌పల్లి, చిట్యాల దాటేదాకా బుద్ధిగానే కూర్చుంది. పంతంగి టోల్‌గేటు దగ్గర ముందు కారువాడు ఉన్నట్టుండి ఆగాడు, ఈయన బ్రేకు తొక్కారు, క్యాన్ పల్టీ కొట్టింది. అత్తయ్య కునుకులో ఉన్నారు. చల్లగా చీరకి తగిలేదాకా ఆవిడకి తెలియలేదు. ఈలోగా లీటరున్నర సీటు తాగేసింది.

మూడో రోజుకి మొదలైంది వాసన. పులిసిన పెరుగు వాసన అయితే మనింట్లో ఎవరికీ లెక్క లేదు. ఇది అది కాదు. చిన్నపిల్లలు కక్కిన పాలల్లో మర్చిపోయిన తడిబట్ట నానబెట్టినట్టు ఉంటుంది. పొద్దున్న కొంచెం మేలు. మధ్యాహ్నం మూడింటికి, తలుపులన్నీ మూసి బయట పెట్టిన కారు ఎక్కి కూర్చుంటే కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

అందుకే వాళ్ల దగ్గరికి తీసుకెళ్లాం. ఏ కార్‌వాష్ అన్నది అనవసరం. రంగురంగుల బోర్డు, గ్లౌజులు వేసుకున్న కుర్రాడు, పెద్ద శబ్దం చేసే మెషీను. షాంపూ నురగ కొట్టాడు, బ్రష్షుతో గుండ్రంగా రుద్దాడు, తర్వాత స్టీమ్ గన్ పెట్టి బుస్సుమని ఆవిరి వదిలాడు. చూడ్డానికి ఎంత బాగుందో! మరక మాయం. చివర్లో ఒక డబ్బా తీసి లెమన్ స్ప్రే కొట్టాడు. మరుసటి రోజు తలుపు తీస్తే కుళ్లిన పాల వాసన అలాగే ఉంది, పైన నిమ్మకాయ పిండినట్టు ఇంకొకటి. మొదటిది ఒక్కటే ఉన్నప్పుడు కనీసం దేనికి తిట్టుకోవాలో తెలిసేది. తిరిగి వెళ్లి అడిగితే వచ్చిన జవాబే పైన రాసింది.

అసలు అతను చేసింది ఏమిటో నాకు వంటింట్లో అర్థమైంది. మిగిలిన అర లీటరుకి మామూలు పాలు కలిపి, బెల్లం, మిరియాలు, యాలకులు వేసి కుక్కర్లో పెట్టాను. జున్నుపాలకి తోడు అక్కర్లేదు. వాటిలో ప్రోటీను అంత ఉంటుంది, ఆవిరి తగిలితే చాలు గడ్డకట్టేస్తుంది. మూత తీసి గిన్నె కదిపితే మొత్తం ఒక్క ముద్దలా ఊగింది. అదిగో, అప్పుడు చూశాను. ఆ అబ్బాయి స్టీమ్ గన్ పెట్టి స్పాంజి లోపల చేసిందీ ఇదే. 1,800 తీసుకుని మా వెనక సీట్లో జున్ను వండి వెళ్లాడు.

(జున్ను బాగా కుదిరింది. అత్తయ్య రెండుసార్లు పెట్టించుకున్నారు. మిరియాలు ఒక పలుకు ఎక్కువయ్యాయన్నారు.)

ఇక్కడిదాకా రాసి అతన్ని ఇంకో పేరా తిడదామనుకున్నాను. కానీ ఒక సంగతి రాయకుండా దాటేస్తున్నాను, అది గొంతులో అడ్డం పడుతోంది. పాలు ఒలికిన రాత్రి ఇంటికి రాగానే గీజరు తిప్పి, బకెట్ నిండా పొగలు కక్కే నీళ్లు పట్టి, సర్ఫు కలిపి, సెల్లార్‌కి మోసుకెళ్లి సీటు మీద గుమ్మరించింది నేనే. కుర్రాడు వచ్చింది నాలుగు రోజుల తర్వాత. మొదటి విడత జున్ను నాదే.

నూనె జిడ్డయితే వేడినీళ్లు సరే. పాలు, గుడ్డు, రక్తం, వీటికి చల్లనీళ్లే. రక్తం మరక చల్లనీళ్లలో నానబెట్టాలని పదమూడో ఏట నుంచి తెలిసినదాన్ని, సీటు దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి ఎటు పోయిందో! పైగా గుమ్మరించడం ఏమిటి? పొడి తువ్వాళ్లు నాలుగు తెచ్చి, ఒకటి తడిస్తే ఇంకొకటి మారుస్తూ, రుద్దకుండా అరచేత్తో నొక్కి నొక్కి పీల్పించాలి. తర్వాత చల్లనీళ్లు కొంచెం కొంచెం అద్ది మళ్లీ పీల్పించాలి. నేను బకెట్ పోసి పైనున్న పాలని కూడా స్పాంజి అడుగుకి పంపాను. ఈయన అప్పుడు పక్కనే ఉన్నారు. ఏమీ అనలేదు.

ఆయన ఏమీ అనకపోవడమే నాకు పడటం లేదు. ఎందుకంటే అనడానికి ఆయన దగ్గర పెద్ద మాటే ఉంది. కారు కొన్నప్పుడు షోరూమ్‌లో "రెగ్జిన్ కవర్లు వేయిద్దాం, తుడుచుకోవడం తేలిక" అన్నారు. నేను ససేమిరా అన్నాను. "నీ ఇష్టం" అన్నారు. ఈ పది రోజుల్లో ఒక్కసారైనా "చెప్పానా" అంటే నేనూ నాలుగు మాటలనేసి తేలికపడేదాన్ని. అనరు. ముక్కు మీద కర్చీఫ్ పెట్టుకుని, అద్దం దించుకుని, పాటలు పెట్టుకుని వెళ్లిపోతారు.

రెగ్జిన్ మీద నా పగ పెదనాన్న అంబాసిడర్ నాటిది. 1988 వేసవి సెలవుల్లో తెనాలి నుంచి శ్రీశైలం వెళ్లాం. పదకొండు మందిమి. ముందు సీటు కూడా బెంచీయే కాబట్టి అక్కడే నలుగురు. మెరూన్ రంగు రెగ్జిన్ సీట్లు, కుట్ల దగ్గర పగిలి నారింజ రంగు స్పాంజి తొంగిచూసేది, నేను దాన్ని గోటితో గిల్లుతూ కూర్చునేదాన్ని. నరసరావుపేట దాటేసరికి అద్దాల్లోంచి పడే ఎండకి సీటు పెనమైపోయింది. నాది మోకాళ్ల పైకుండే గౌను. తొడలు అంటుకుపోయి, కదిలినప్పుడల్లా చర్రుమని ఊడొచ్చేవి. ఏడిస్తే అమ్మ వినుకొండలో బోరింగు కొట్టి తువ్వాలు తడిపి కింద పరిచింది, ఆరు కిలోమీటర్లకి అది ఆరిపోయింది. గోళీసోడా కొనిపెడితే ఏడుపు ఆపాను. దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతుంటే పిన్ని కొడుకు బుజ్జి, పొద్దున్న తిన్న పులిహోరంతా, నోరు అటు తిప్పమనేలోగా, సగం సీటు మీద, సగం నా గౌను మీద కక్కాడు.

పెదనాన్న కారు పక్కకి ఆపారు. కోతులు చుట్టూ చేరాయి. ఆయన మరచెంబులో నీళ్లు సీటు మీద ఒంపి, భుజం మీది తువ్వాలుతో ఒక్క తుడుపు తుడిచారు. అంతే. ఐదు నిమిషాల్లో బయల్దేరాం. నా గౌను మాత్రం శ్రీశైలం దాకా కంపు కొడుతూనే ఉంది. నన్ను ఎవరూ ఒళ్లో కూర్చోపెట్టుకోలేదు. పాతాళగంగ మెట్లు దిగాక అమ్మ గౌనుతో సహా నీళ్లలో ముంచింది.

ఈ కథ పిల్లలకి వందసార్లు చెప్పి ఉంటాను, రెగ్జిన్ ఎంత దుర్మార్గమైనదో చెప్పడానికి. ఇవాళ పొద్దున్న సీటు మీద వంగి రుద్దుతుంటే చేయి ఆగిపోయింది. ఆ రోజు కారులో కంపు కొట్టింది గుడ్డ. రెగ్జిన్ ఒక్క తుడుపుతో బయటపడింది. ఇన్నేళ్లూ తొడలు కాలిన సంగతే గుర్తుపెట్టుకుని, మిగతా సగం నా నోటితో నేనే చెబుతూ కూడా వినిపించుకోలేదు.

ఈయనకి ఇది చెప్పలేదు. చెప్పను కూడా.

ఇవాళ్టి సంగతికొస్తాను. నిన్న రాత్రి అర కిలో వంటసోడా సీటు మీద ముగ్గులా చల్లి వదిలేశాం. పులుపు వాసనల్ని సోడా పట్టుకుంటుంది, కానీ దానికి రాత్రంతా టైమివ్వాలి. పొద్దున్న వాక్యూమ్ పెట్టేముందు చూస్తే తెల్లటి సోడాలో ఒకచోట అరచేయంత ఎర్రటి మరక. గుండె ఝల్లుమంది. రక్తంలా ఉంది. అత్తయ్య వంగి చూసి, "ఎర్రనీళ్లలా ఉందే" అన్నారు తాపీగా. నిజమే. బండి పూజ నాడు ఎప్పుడో పడిన పసుపు అది. హారతికి పసుపులో సున్నం కలిపితే ఎర్రబడదూ, సోడా తడి తగిలి అదే జరిగింది. వెనిగర్‌లో నీళ్లు కలిపి అద్దితే మళ్లీ పసుపులోకి దిగింది. పసుపు మరక ఎండకి వెలిసిపోతుంది కూడా. కాబట్టి కార్‌వాష్ అబ్బాయి మాట పసుపు విషయంలో ఒప్పుకుంటున్నాను.

వీడియోల్లో సోడా, వెనిగర్ కలిపి పొయ్యమంటారు, బుస్సుమని పొంగుతుంటే పని జరుగుతున్నట్టే ఉంటుంది. ఆ పొంగులో ఒకదాన్నొకటి చంపుకుంటాయి, మిగిలేది ఉప్పునీళ్లలాంటిదే. విడివిడిగా వాడాలి.

సోడా తీసేశాక సీటు మీద ముక్కు ఆనించి చూశాను. వాసన లేదు. తలుపు మూసి పది నిమిషాలాగి తీస్తే ఉంది! సీట్లో లేదు, కారులో ఉంది. చిన్నోడిని పిలిచి వాసన చూసి చెప్పరా అంటే పది రూపాయలు అడిగాడు. ఇచ్చాను. బెల్టు బకిల్ దగ్గర ముక్కు పెట్టి, "యాక్, ఇక్కడ" అన్నాడు. పది రోజులుగా అదే వాసనలో మునిగిన నా ముక్కు కన్నా వాడి ముక్కు నయం.

బకిల్ బయటికొచ్చే సందు ఉంటుంది చూడండి, రెండు వేళ్లు పట్టేంత. పాలు అందులోంచి దిగిపోయాయి. మా కారులో వెనక సీటు ముందంచు పట్టుకుని పైకి ఒక్క గుంజు గుంజితే టక్కుమని క్లిప్పు ఊడి సీటు లేస్తుంది. ఈయన గుంజారు. కింద రెండు రూపాయి బిళ్లలు, నేను రెండేళ్లుగా వెతుకుతున్న క్లచ్ క్లిప్పు, ఐదారు పల్లీలు, బూడిదరంగు కార్పెట్ మీద పసుపుపచ్చగా, అంచులు పైకి లేచి, అప్పడంలా ఎండిన చిప్ప. చెంచాతో గీకితే పెళుసుగా విరిగింది. అడుగు మాత్రం ఇంకా తడి. ఎండలో ఎన్నాళ్లు పెడితే ఆ తడికి ఎండ తగులుతుంది, చెప్పండి?

రెగ్జిన్ వేయించినా ఆ సందు ఆ సందే కదా, ఇంకా తొందరగా జారిపోయేవి పాలు. కాబట్టి నేనే రైటు. లేదా, రెగ్జినైతే స్పాంజి అయినా మిగిలేది, కాబట్టి సగం రైటు. వదిలేద్దాం.

చిప్పంతా గీకి, చల్లనీళ్లతో తుడిచి, ఆన్‌లైన్లో తెప్పించిన సీసా తీశాను. 500 మి.లీ., మీద కుక్కపిల్ల బొమ్మ. కుక్కలు ఇంట్లో పాడుచేస్తే వాడే ఎంజైమ్ మందు అది, ప్రోటీన్‌ని విరిచేస్తుంది. "మనింటికి కుక్కెప్పుడొచ్చింది?" అన్నారు ఈయన. పది రోజుల్లో ఆయన దీని గురించి మాట్లాడిన మొదటి మాట. తడిగా ఉన్నంతసేపే అది పని చేస్తుంది, ఆరితే ఆగిపోతుంది. అందుకని కార్పెట్ మీద పోసి, తడిగుడ్డ కప్పి, పైన పాల ప్యాకెట్ల కవర్లు పరిచాను. రేపు పొద్దున్న తీసి, పీల్పించి, టేబుల్ ఫ్యాన్ పెట్టాలి. సెల్లార్‌లో ప్లగ్గు కోసం వాచ్‌మన్‌కి ఇప్పటికే చెప్పాను.

అద్దాలు నాలుగు వేళ్లంత దించి ఉంచాం.

ఇంతవరకు రాసి, ఉండబట్టలేక తాళంచెవి తీసుకుని కిందికి వెళ్లొచ్చాను. వాసన లేదనే అనిపించింది. సంతోషంగా వెనక్కి తిరుగుతుంటే పార్కింగ్‌లో తిరిగే ఆ తెల్లపిల్లి, మూడు కార్లు దాటుకుంటూ వచ్చి, మా కారు ఎడమవైపు వెనక తలుపు దగ్గర ఆగింది. ముందు కాళ్లు తలుపుకి ఆనించి నిలబడి, మీసాలు కదుపుతూ, అద్దం సందులోకి ముక్కు పెట్టింది.

పైకొచ్చి చూస్తే సీసాలో ఇంకా సగం ఉంది.