ఇంటి ముందు కొత్త గచ్చు మీద పగుళ్లు, మచ్చలు – నా అనుభవం

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. గేటు నుంచి పోర్టికో దాకా కారు వెళ్లడానికి 40 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అంగుళాల మందంతో కాంక్రీటు పోయించాం. ఏప్రిల్ నెలాఖరు. సాయంత్రానికే గీతలు కనపడ్డాయి, ఇంకొన్నాళ్లకి ఒకచోట తెల్లగా, ఒకచోట నల్లగా, ఓ పక్క పసుపు రంగులో మచ్చలు. మా మామయ్యగారు "డబ్బులు పోతే పోయాయి, మొత్తం పగలగొట్టించెయ్యమ్మా" అన్నారు. మేస్త్రి గారేమో "ఆయ్, ఏం కాదండి, పైన సిమెంటు నీళ్లు పోసి రుద్దేత్తే ఏం కనపడదండి" అన్నారు. మేం రెండూ చెయ్యలేదు. అసలు ఏ పగులు ఎందుకొచ్చిందో తెలియకుండా ఏ పనీ మొదలెట్టకూడదని ఇప్పుడు గట్టిగా చెప్పగలను, అందుకే రాస్తున్నాను.

రాజమండ్రిలో సైట్ ఇంజనీరుగా చేస్తున్న మా పెదనాన్నగారి అబ్బాయికి ఫోటోలు పంపిస్తే, అన్నయ్య ముందు గచ్చంతా తడిపి, ఆరుతూ ఉండగా చూడమన్నాడు. ఇది మాత్రం అందరూ చేసి చూడండి. పైన తడి ఆరిపోయి పగుళ్లలో ఇంకా తడి ఉండే ఆ కాసేపట్లో, మామూలుగా కంటికి ఆనని గీతలు కూడా నల్లగా తేలతాయి. అలా చూస్తే మావి అన్నీ ఒకే రకం కాదని తెలిసింది.

పోర్టికో వైపు ఉన్నవి వెంట్రుకవాసి గీతలు, చిన్న చిన్న గళ్లు గళ్లుగా. నునుపు రావాలని, పైకి తేలిన నీళ్ల మీద పొడి సిమెంటు చల్లి తాపీతో రుద్దేస్తారు కదా, దానివల్ల పైపొరలో మాత్రం సిమెంటు ఎక్కువై, అది కింద భాగం కంటే ముందే ఆరి కుంచించుకుపోతుంది. చూడ్డానికి బాగోదు గానీ బలానికి ఢోకా లేదు. దాని మీద మళ్లీ సిమెంటు నీళ్లు పోస్తే ఆ పలచటి పొర కొన్నాళ్లకి పెచ్చులూడిపోతుంది, అప్పుడు ఇంకా అసహ్యంగా ఉంటుంది, అందుకే మేస్త్రి గారికి వద్దని చెప్పేశాం.

మధ్యలో ఉన్నవి వేరు. ఏటవాలుగా, ఒకదాని పక్కన ఒకటి, అడుగు రెండడుగుల ఎడంతో వచ్చాయి. ఇది పడమటి గాలి పని. కాంక్రీటు పోశాక లోపలి నీళ్లు కొంచెం కొంచెంగా పైకి తేలుతుంటాయి, అవి తేలే దానికంటే వేడిగాలికి ఎగిరిపోయేది ఎక్కువైతే ఇంకా గట్టిపడకముందే పైభాగం చీలిపోతుంది. పని మధ్యాహ్నం దాకా సాగింది, ఎండా గాలీ రెండూ ఉన్నాయి, పైన ఏమీ కప్పలేదు. దానికి తోడు మిల్లర్లో (కాంక్రీటు కలిపే మిషన్) నీళ్లు కొలత లేకుండా బకెట్లతో పోశారు. మామూలు ఎం20 మిక్సుకి (ఇళ్ల పనుల్లో వాడే కాంక్రీటు రకం) 50 కిలోల సిమెంటు బస్తాకి 30 లీటర్లు దాటకూడదట, ఇసుకలో ఉన్న తడి కూడా అందులోదే.

అసలు భయపడాల్సింది గేటు దగ్గరది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డంగా ఒక్కటే పగులు, వేలు పెట్టి రాస్తే గేటు వైపు కాస్త దిగి ఉన్నట్టు తగులుతుంది. దాని కిందే డ్రైనేజీ పైపు కోసం తవ్విన గుంత ఉంది. మన డెల్టాలో నల్ల బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, పైగా గుంతని సరిగ్గా దిమ్మిస కొట్టకుండా పూడ్చేశారు. పగులు చివర పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ రాసి పెట్టమన్నాడు అన్నయ్య. మధ్యలో పగుళ్లు గీసినచోటే ఆగిపోయాయి, గేటు దగ్గరది గీత దాటి పోతూనే ఉంది.

ఇక మచ్చలు. వేసవిలో కాలువలు కట్టేస్తారు, ఇళ్ల పనులన్నీ అప్పుడే పెట్టుకుంటాం, అంటే తడపడానికి బోరు నీళ్లే దిక్కు. మా వైపు బోర్లు ఉప్పన, నరసాపురం దాటితే చెప్పనే అక్కర్లేదు. తెల్లగా ఉన్నచోట కొబ్బరిపీచుతో పొడిగానే రుద్ది, తర్వాత మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి చూశాం, ఎందుకంటే తడిగా ఉన్నప్పుడు ఏ తెలుపైనా పోయినట్టే కనిపిస్తుంది. చాలావరకు పోయింది, అది ఉప్పు. పోకుండా మిగిలింది సిమెంటులోని సున్నం, పైకొచ్చి గాలి తగిలి గట్టిపడేది. ఎవరో బాత్రూం యాసిడ్ పొయ్యమన్నారు, అది పైపొరని తినేసి ఇసుక తేలుస్తుంది, పొయ్యకండి. నల్ల మచ్చలు తర్వాత కప్పిన ప్లాస్టిక్ పట్టా ముడతలు పడి కొన్నిచోట్ల అంటుకుని, కొన్నిచోట్ల పైకి లేచి ఉండటం వల్ల వచ్చినవి. పసుపుది వరిగడ్డి పరిచి తడిపిన చోట, గడ్డి రసం దిగి వచ్చింది. గోనెసంచులు వేస్తే ఆ బాధ ఉండేది కాదు, అవి కూడా రంగు దిగని పాతవైతేనే.

చివరికి గేటు దగ్గర 10 అడుగులు మాత్రం కట్టర్‌తో తిన్నగా కోయించి తీయించాం. గుంతలో గ్రావెల్ పొరలు పొరలుగా వేసి, తడిపి దిమ్మిస కొట్టించి, ఎండ తగ్గాక సాయంత్రం కొత్తది పోయించాం. నునుపు చేయడం అవ్వగానే పట్టా కప్పి, మర్నాడు మట్టి గట్లు కట్టి ట్యాంకర్ నీళ్లు నిలబెట్టాం. కాంక్రీటు పనులకి మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఓపీసీకి (మామూలు సిమెంటు) 7 రోజులు, పీపీసీకి (బూడిద లాంటివి కలిపిన సిమెంటు) 10 రోజులకి తగ్గకుండా తడి ఉండాలి, 14 అయితే ఇంకా మంచిది. మాది పీపీసీ. మిగతా 30 అడుగుల్లో 10 అడుగులకొకటి చొప్పున అంగుళం లోతు గాడి కోయించాం, ఇకముందు కుంచించుకుంటే ఆ గాడి వెంటే పగిలేలా. నిజానికి ఇది పోసిన మర్నాటికల్లా అయిపోవాల్సిన పని. మధ్యలో ఏటవాలు పగుళ్లని వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి పల్చటి ఎపాక్సీ (పగుళ్లు పూడ్చే జిగురు మందు) పోయించాం, ఆ గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి గానీ నీళ్లు దిగవు.

వర్షాకాలం గడిచాక పసుపు పోయింది, నల్లవి సగానికి సగం వెలిసిపోయాయి. గేటు దగ్గర కొత్త ముక్క మాత్రం రంగు తేడాగానే ఉంది, మామయ్యగారు అక్కడ పూలకుండీలు పెట్టించారు.