చెప్పు కథ

ముప్ఫై ఒకటో పేజీ అంచున, ఖాళీలో, పెన్సిలుతో మూడే మాటలు: "ఆమెకు నొప్పి పుట్టలేదా?"

నూట నలభై పేజీల రాతప్రతి అది. ఏడాదిన్నరగా, ఇంట్లో అందరూ పడుకున్నాక రాసుకున్నది. మొదట మా అక్క కూతురికి ఇచ్చాను. దానికి పదిహేనేళ్లు. నేను ఎవరి కోసం రాస్తున్నానో సరిగ్గా ఆ వయసు. బాగుందనో బాగాలేదనో అంటుందని ఎదురుచూస్తే, మొత్తం మీద ఆ ఒక్క గుర్తు పెట్టి తిరిగిచ్చింది. మిగతాదంతా ఎలా ఉందని అడిగాను. "చదివించింది పిన్నీ" అంది. ఆ వయసువాళ్ల నోటి నుంచి అంతకు మించిన మెప్పు రాదని నాకు తెలుసు. అయినా ఆ పెన్సిలు రాత నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు.

ఆ పేజీలో ఉన్నది సిండ్రెల్లా సవతి అక్క కాలి వేలు కోసుకునే ఘట్టం.

చిన్నప్పుడు నేను చదివిన బొమ్మల పుస్తకంలో కత్తి లేదు. గుమ్మడికాయ బండి, గాజు చెప్పు, అర్ధరాత్రి గంటలు, పెళ్లి. అది షార్ల్ పెరో 1697లో ఫ్రెంచిలో అచ్చువేసిన కథకు మనవరాలు. పెరో కథలో అక్కలు చివరికి క్షమించమని కాళ్ల మీద పడతారు. సిండ్రెల్లా వాళ్లను లేవనెత్తి, ఆస్థానంలోని ఇద్దరు పెద్దమనుషులకు ఇచ్చి పెళ్లి కూడా చేయిస్తుంది. జర్మన్ జానపద కథలను సేకరించిన గ్రిమ్ సోదరుల పుస్తకం నా చేతికి వచ్చేసరికి నాకు ఇరవై రెండేళ్లు. అందులో గుమ్మడికాయ లేదు, మంత్రదండం పట్టుకున్న దేవత లేదు. తల్లి సమాధి మీద పెరిగిన హేజెల్ చెట్టు ఉంది, దాని మీద వాలే తెల్లపిట్ట ఉంది, బంగారు చెప్పు ఉంది. పెద్దక్కకు ఆ చెప్పులో బొటనవేలు పట్టదు. తల్లి కత్తి తెచ్చి చేతికిస్తుంది. కోసెయ్, రాణివయ్యాక నీకు నడిచే పనేముంటుంది అంటుంది. రెండో కూతురికి వేళ్లు పడతాయి, మడమ పట్టదు. ఆమెకూ కత్తే, ఆమెకూ అదే మాట.

నేను ఆగిపోయింది నెత్తురు దగ్గర కాదు, కత్తి ఇచ్చిన చెయ్యి దగ్గర. ఆమె సిండ్రెల్లాకు సవతి తల్లి, నిజమే. ఆ ఇద్దరికీ మాత్రం కన్నతల్లి. లోకమంతా దీన్ని సవతి తల్లి కథ అనే చెప్పుకుంటుంది. సవతి కూతురి చేత ఆమె అంట్లు తోమించింది, బూడిదలో పోసిన పప్పుగింజలు ఏరించింది. కన్నకూతుళ్ల చేత కాళ్లు కోయించింది. ఈ రెంటిలో ఏది పెద్ద కీడో ఎవరికి వాళ్లు తూచుకోవచ్చు. నా నవల ఆ తూకంలోంచే పుట్టింది. చెప్పేది పెద్దక్క. సిండ్రెల్లా అందులో పక్కగదిలో దగ్గుతూ వినిపించే మనిషి మాత్రమే.

ఇలాంటి పని మొదలుపెట్టానని చెప్పగానే తెలిసినవాళ్లు ఒకటే అడుగుతారు: అందరికీ తెలిసిన పాత కథను కెలకడం దేనికి? అసలు కథను అలాగే ఉంచొచ్చుగా?

ఏది అసలు కథ? తొమ్మిదో శతాబ్దపు చైనాలో దువాన్ చెంగ్షి అనే ఆయన రాసిపెట్టిన కథలో యెషియన్ అనే పిల్ల ఉంది. సవతి తల్లి ఆమె పెంచుకున్న చేపను చంపి తినేస్తుంది. ఆ చేప ఎముకలే ఆ పిల్ల అడిగినవన్నీ ఇస్తాయి. పండగకు వెళ్లి, పరుగెత్తుకొస్తూ బంగారు చెప్పు జారవిడుచుకుంటుంది. పెరోకు ఎనిమిది వందల ఏళ్ల ముందు మాట ఇది. గ్రిమ్ సోదరులైనా ఒక్కసారి రాసి ఊరుకున్నారా? 1812లో మొదటి కూర్పు తెచ్చారు, 1857 నాటికి ఏడోది. మధ్యలో దిద్దుతూనే ఉన్నారు. 1812 నాటి స్నోవైట్‌ను చంపించబోయింది కన్నతల్లే. 1819లో ఆమెను సవతి తల్లిగా మార్చారు. మొదటి కూర్పులో, గోపురంలో బందీగా ఉండి జడ కిందికి వదిలి మనుషుల్ని పైకి లాక్కునే రపుంజెల్, నా బట్టలు ఎందుకు బిగుతవుతున్నాయని తనను బంధించిన ముసలామెను అమాయకంగా అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నతో పైకి ఎవరో ఎక్కి వస్తున్నారని ముసలామెకు తెలిసిపోతుంది. పిల్లల పుస్తకంలో ఇదేమిటని పెద్దలు ముఖం చిట్లించారు. తర్వాతి కూర్పులో రపుంజెల్ అడిగేది వేరు: రాకుమారుడి కన్నా నువ్వెందుకు ఇంత బరువున్నావు? గర్భం మాయమైంది. రపుంజెల్ కాస్త తెలివితక్కువ పిల్లగా మిగిలింది. నాకు ఈ దిద్దుబాటు మీద ఇప్పటికీ కోపమే.

చిన్నపిల్లల కోసం తీసేసినవేమిటో చూడండి. ఒంట్లో వచ్చే మార్పు. కూతురి అందం చూసి ఓర్వలేని తల్లి. సరిగ్గా పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చేసరికి ఒక పిల్ల లోపల్లోపల ఆలోచిస్తూ, ఎవరినీ అడగలేక ఊరుకునే సంగతులివే. అయిదేళ్లవాళ్లకు బరువని పక్కన పెట్టినవాటిని పదిహేనేళ్లవాళ్లకు తిరిగి అప్పగించడమే, పాత కథలను టీనేజీ పాఠకుల కోసం మళ్లీ చెప్పే ఈ యంగ్ అడల్ట్ పునఃకథనాల పని అని నా లెక్క. కొత్త హంగులు అద్దడం ఆ తర్వాతి సంగతి.

అద్దకం రాతలు కుప్పతెప్పలుగా వస్తున్నాయి, అది ఒప్పుకోవాలి. నాయిక చేతికి కత్తియుద్ధం నేర్పేస్తే చాలు, కొత్త కథ అయిపోయిందనుకుంటారు. నాలుగో అధ్యాయంలో ఆమె కవచం తొడుక్కోగానే నేను పుస్తకం మూసేస్తాను. రెండో రకం ఇంకా విసుగు. రాణి దుర్మార్గానికి వెనక చిన్నప్పటి కన్నీటి కథ ఒకటి అతికించి, ఆమె నిజానికి చాలా మంచిదని తేల్చేస్తారు. చెడ్డతనాన్ని కడిగేస్తే అర్థం చేసుకోవడానికి ఏం మిగిలింది? నా రాతప్రతి మొదటి రూపం సరిగ్గా ఈ గుంటలోనే పడింది కాబట్టి ఇంత ఘాటుగా అంటున్నాను. తల్లికి నలభై పేజీల దుఃఖం రాసిపెట్టాను. ఆ నలభై పేజీలూ తీసేసిన రోజు నాకు కడుపునిండా అన్నం తిన్నంత హాయిగా అనిపించింది.

మంచివి వేరేలా ఉంటాయి. గెయిల్ కార్సన్ లెవిన్ 1997లో రాసిన 'ఎల్లా ఎన్‌చాంటెడ్' పాత కథను ఒక్కటే అడుగుతుంది: ఆ పిల్ల ఎందుకు ఎదురు చెప్పదు? పుట్టగానే ఒక దేవత ఇచ్చిన వరం వల్ల ఎల్లా ఎవరు ఏం ఆజ్ఞాపించినా చేసితీరాలి. విధేయత అనే వరం అది, శాపం కన్నా హీనం. నాకు నచ్చింది ఆ పిల్ల మొండితనం. వంటమనిషి గిన్నె పట్టుకోమంటే పట్టుకుంటుంది, కదలకుండా నిలబడమని చెప్పలేదు కాబట్టి అడుగులు వేస్తూ ఆమెను తన వెంట తిప్పుకుంటుంది. మాట వినక తప్పని పిల్లలందరికీ తెలిసిన విద్య ఇది. చివర్లో రాకుమారుడు నన్ను పెళ్లి చేసుకో అంటాడు. ప్రేమతో అన్నా అదీ ఆజ్ఞే. కాదనగలిగిన క్షణాన శాపం తెగుతుంది. మూడు వందల ఏళ్లుగా పెళ్లితో ముగుస్తూ వచ్చిన కథలో ముడి విడిపోయేది పెళ్లికి కాదన్న దగ్గర.

మరిస్సా మేయర్ రాసిన 'సిండర్' 2012లో వచ్చింది. దాని గురించి మొదట విన్నప్పుడు నవ్వాను, యంత్రపు కాళ్ల సిండ్రెల్లా ఏమిటని. తర్వాత మొదటి పేజీ చదివాను. యంత్రాలు బాగుచేసే ఆ పిల్ల కూర్చుని, తుప్పు పట్టిన మర విప్పుతూ, ఏళ్లుగా తనకు చిన్నదైపోయిన లోహపు పాదాన్ని ఊడదీసుకుంటోంది. పాదం చిన్నదైపోవడం! కథ మొత్తం చెప్పుకు సరిపోని పాదం గురించి అయితే, ఈమె పాదమే మనిషికి సరిపోదు. విందు నుంచి పారిపోతూ మెట్ల మీద వదిలేసేది చెప్పును కాదు, పాదాన్నే. గ్రిమ్ కత్తిని ఈ రచయిత్రి మరచిపోలేదని నాకనిపించింది. మరచిపోకుండానే కొత్తది చేసింది.

సరే, నా ముప్ఫై ఒకటో పేజీ.

వేలు కోసుకోవడాన్ని నేను ఒకే వాక్యంలో రాశాను. పాత కథల్లో అలాగే ఉంటుంది: కోసింది, నొప్పి దిగమింగింది, బయటికి నడిచింది. ఆ వేగం నాకు గొప్పగా అనిపించి అలాగే ఉంచాను. దాన్నే మా పిల్ల పట్టుకుంది. ఆ ఆదివారం పక్కన కూర్చుని ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. ఏ కాలు? కత్తి వంటింటిదా? కోస్తున్నప్పుడు తల్లి చూస్తోందా, అటు తిరిగిందా? గుర్రం ఎలా ఎక్కింది? చేపా చేపా ఎందుకు ఎండలేదని ఒకప్పుడు నేను దానికి కథ చెప్పేదాన్ని. ఇప్పుడది నా మీద తిరగబడింది. చేప గడ్డిమోపు మీద, గడ్డిమోపు ఆవు మీద నెట్టినట్టు నేనూ నెట్టాను: తల్లి కొయ్యమంది కాబట్టి కోసుకుంది, రాకుమారుడు గుమ్మంలో ఉన్నాడు కాబట్టి తల్లి తొందరపడింది.

"రాకుమారుడు మూడు రాత్రులు ఆ అమ్మాయితో నాట్యం చేశాడుగా. ముఖం గుర్తులేదా?"

గ్రిమ్ పుస్తకం తీసి చూపించాను. చెప్పు సరిపోయాకే అతను సిండ్రెల్లా ముఖంలోకి చూస్తాడు, అప్పుడే గుర్తుపడతాడు. అంతకుముందు ఇద్దరు అక్కల్ని ఒకరి తర్వాత ఒకరిని గుర్రం ఎక్కించుకుని సమాధి దాటేదాకా వెళ్తాడు. చెట్టు మీద పావురాలు, చెప్పులో నెత్తురు ఉందని అరిస్తే గానీ అతనికి తెలియదు.

"అంటే దారి పొడవునా ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు" అంది.

నా ఘట్టం నాకు అక్కడ దొరికింది. తొమ్మిది సార్లు తిరగరాశాను. పేజీ ఇప్పుడు నాలుగు పేజీలైంది. అందులో కొంత:

"అమ్మ కత్తిని పైటకొంగుతో తుడిచి ఇచ్చింది. శుభ్రంగా ఉండాలని కాబోలు."

ఇక్కడ మా పిల్ల నన్ను ఆపింది. "వాళ్లకు పైట ఉంటుందా పిన్నీ?" ఉండదు. కలానికి అలవాటైన మాట అలా జారిపోయింది. గౌను అంచు అని మార్చి మళ్లీ చదివాను:

"అమ్మ కత్తిని గౌను అంచుతో తుడిచి ఇచ్చింది. శుభ్రంగా ఉండాలని కాబోలు. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. బయట అతను గుర్రం మెడ నిమురుతున్నాడు. ఎంతసేపు అని అడగలేదు, ఓపికైన మనిషి. నేను ఎడమ కాలు బల్ల మీద పెట్టాను. చిన్నప్పుడు ముల్లు దిగితే ఈ బల్ల మీదే అమ్మ నా కాలు ఒళ్లో పెట్టుకుని, ఊదుతూ తీసింది. 'అమ్మా, ఊదవా' అన్నాను. వినిపించుకుందో లేదో తెలియదు. గుర్రం మీద అతని వీపు వెడల్పుగా, వెచ్చగా ఉంది. పేరు అడుగుతాడనుకున్నాను. చెప్పులో తడి మడమ దాకా వచ్చింది. పిట్టలు అరిచినప్పుడు నాకు భయం వేయలేదు. నన్ను చూసినవి అవే."

చదవడం అయిపోయాక అది చాలాసేపు ఏమీ అనలేదు. కాగితాలు సర్దింది. పెన్సిలు చెవి వెనక పెట్టుకుంది, మళ్లీ తీసింది. హమ్మయ్య, నెగ్గాననుకున్నాను.

"పిన్నీ, మరి ఆ వేలు ఏమైంది?"

"ఏ వేలు?"

"కోసిందిగా. బల్ల మీదే ఉండిపోయిందిగా. వాళ్లిద్దరూ వెళ్లిపోయాక ఆ గదిలో అమ్మ ఒక్కతే ఉంది. దాన్ని ఏం చేసింది?"

దీపం మళ్లీ వెలిగించాను.