మందు మానలేదు, సిట్టింగులు తగ్గించా

మన దగ్గర మందు మానేయడం చాలామందికి వచ్చు. కార్తీకమాసం వస్తే మానేస్తారు, అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు ఆ వైపే చూడరు, మంగళవారం ఆంజనేయస్వామికి, శనివారం వెంకటేశ్వరస్వామికి అని వారంలో రెండ్రోజులు ముట్టనివాళ్ళు మా ఆఫీసులోనే బోలెడుమంది. తాగడం ఎలాగూ వచ్చు, అది నేను చెప్పక్కర్లేదు. రానిదల్లా తక్కువ తాగడం. అసలు తాగనివాడికి టేబుల్ దగ్గర మర్యాద ఉంటది, వాడికి థమ్సప్ చెప్తారు, చికెన్ ముక్కలు వాడి ముందుకి జరుపుతారు, చివర్లో బండి వాడికే ఇస్తారు. రెండు పెగ్గులకి గ్లాసు బోర్లించేవాడిని మాత్రం "ఏం మామా, అప్పుడే పెద్దమనిషివి అయిపోయావా" అని రాత్రంతా వాయిస్తారు.

డ్రై డే సంగతే చూడండి. 2025లో దసరా, గాంధీ జయంతి రెండూ అక్టోబర్ 2నే పడ్డాయి. తెలంగాణలో దసరా అంటే ముక్క, చుక్క రెండూ ఉండాల్సిందే, ఆ రోజేమో వైన్స్ బంద్. ఇంకేముంది, ముందురోజే అందరూ స్టాక్ దింపుకున్నారు. మామూలుగా హాఫ్‌తో సరిపెట్టుకునేవాడు కూడా ఎందుకైనా మంచిదని ఫుల్ కొన్నాడు, కొన్నాక ఉంచుతాడా.

నా సంగతికొస్తా. కంపెనీ వాళ్ళు ఏటా చేయించే హెల్త్ చెకప్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ వన్ అని వచ్చింది, అంటే లివర్‌లో కొవ్వు చేరడం మొదలైందన్నమాట. మా వయసు మగాళ్ళ రిపోర్టుల్లో ఇది ఇంటిపేరులా అయిపోయింది, ఎవరికి చెప్పినా "ఓ అదా, నాకూ ఉందిలే" అంటారు. దాంతోపాటు రక్తంలో కొవ్వు, అదే ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, లివర్ టెస్టులో చూసే ఎస్‌జీపీటీ కాస్త ఎక్కువ, నడుమేమో 90 సెంటీమీటర్లు ఎప్పుడో దాటేసింది. మన దేశంలో మగాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 దాటితే జాగ్రత్తపడాలని లెక్క, ప్యాంటు సైజుని నమ్ముకోకండి, మనం ప్యాంటుని పొట్ట కిందకి జార్చి కట్టేస్తాం కదా, టేపు బొడ్డు దగ్గర పెట్టి చూడాలి. డాక్టరమ్మ "డ్రింక్స్ అలవాటుందా అండీ" అంటే అందరూ చెప్పేదే చెప్పా, అకేషనల్‌గా మేడమ్ అని. ఆవిడ రాస్తున్న కాగితం మీంచి తలెత్తకుండానే "నెలకి ఎన్ని అకేషన్లు వస్తాయండీ మీకు" అంది. పక్కన మా ఆవిడకి నవ్వు ఆగలేదు.

ఇంటికొచ్చి లెక్క వేశా. గ్రాము ఆల్కహాల్‌కి 7 కేలరీలు. నూనె, నెయ్యి అయితే గ్రాముకి 9, పిండిపదార్థమైనా ప్రోటీనైనా 4. అంటే మందు వెళ్ళి నూనె పక్కన కూర్చుంది. మన విస్కీ, బ్రాందీ సీసాల మీద 42.8 శాతం అని ఉంటది చూడండి, ఆ లెక్కన 60 ఎంఎల్ పెగ్గులో 20 గ్రాముల ఆల్కహాల్, 140 కేలరీలు. క్వార్టర్, అంటే 180 ఎంఎల్, లేపేస్తే 425 దాకా పోద్ది. 650 ఎంఎల్ స్ట్రాంగ్ బీర్ 7 శాతం అనుకున్నా ఆల్కహాల్‌కే 250, పైన పిండిపదార్థం వేరే, కాబట్టి 300 వేసుకోండి. "విస్కీలో షుగర్ ఉండదు మామా, బీరు తాగితేనే పొట్ట" అనేవాడు ప్రతి గ్యాంగ్‌లో ఒకడుంటాడు. విస్కీలో షుగర్ లేని మాట నిజమే, వాడు అందులో పోసుకునే కూల్ డ్రింక్‌లో మాత్రం 100 ఎంఎల్‌కి పది గ్రాముల దాకా ఉంటది మరి.

ఈ లెక్కల కన్నా నాకు గట్టిగా తగిలింది లివర్ సంగతి. ఆల్కహాల్‌ని ఒంట్లో ఎక్కడా దాచుకోవడానికి లేదు, అందుకని లివర్ ముందు దీన్ని వదిలించుకునే పనిలో పడుద్ది, అంతసేపూ కొవ్వు కరిగించే పని బాగా వెనకబడిపోద్ది. వదిలించడం కూడా నిదానమే, మనిషిని బట్టి గంటకి సుమారు 7 నుంచి 10 గ్రాములు. క్వార్టర్‌లో ఉన్నది 60 గ్రాములు. రాత్రి పదకొండింటికి గ్లాసు కింద పెట్టినోడికి తెల్లారి ఐదింటికి వాకింగ్ అలారం మోగేసరికి కూడా లోపల అదే డ్యూటీ నడుస్తా ఉంటది. (పొద్దున్నే బండి తీసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, 100 ఎంఎల్ రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే డ్రంకెన్ డ్రైవే, రాత్రి తాగింది సార్ అంటే మెషిన్‌కి తెలీదు.) మరి ఈలోపు మనం తిన్న నూనె అంతా ఏమవుద్ది? ఎక్కడికీ పోదు, పొట్ట దగ్గరే సర్దుకుంటది.

ఆ తిండి గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అసలు కథంతా అక్కడే ఉంది. సిట్టింగ్ మొదలయ్యేది మసాలా పల్లీలతో, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పైన నిమ్మకాయ పిండి ఇస్తాడు, చేతికి అంటుకున్న కారం నాకుతూ తింటాం. అవి అయ్యేలోపు చికెన్ 65 వస్తది, తర్వాత అపోలో ఫిష్, ఈలోపు ఎవడో "ఇక్కడ లివర్ ఫ్రై సూపర్ ఉంటది చెప్పండ్రా" అంటాడు, మన లివర్ని మనం వేయించుకుంటూ మేక లివర్ ఆర్డర్ చేయడం అన్నమాట. ఉప్పూకారం తింటే దాహం, దాహానికి గ్లాసు, గ్లాసుకి మళ్ళీ మంచింగ్. పదకొండున్నరకి అందరికీ ఒకేసారి ఆకలి గుర్తొస్తది, మందు ఆకలిని లేపుద్ది కూడా, అప్పటిదాకా తిన్నదంతా "స్టఫ్" కింద పోయింది కాబట్టి భోజనం ఇంకా చేయనట్టే, బిర్యానీ. మర్నాడు పొద్దున ఇడ్లీ గొంతు దిగదు, నూనెగా, కారంగా ఏదో పడాలి, పూరీ తెప్పించుకుంటాం లేదా ఫ్రిజ్‌లో ఉన్న నిన్నటి బిర్యానీనే వేడి చేసుకుంటాం. వాకింగ్ గోవిందా. మధ్యాహ్నం తిని పడుకుంటాం. అంటే మనం తాగింది క్వార్టరే అయినా దాని చుట్టూ ఒకటిన్నర రోజు పోయింది, కేలరీల్లో మందు వాటా సగం కూడా ఉండదు.

అందుకే నేను పెగ్గులు లెక్కపెట్టడం వదిలేసి సిట్టింగ్ మీద పడ్డా.

మా ఫ్రెండ్ ఒకడు ఏటా మాల వేస్తాడు. మాల తీసేనాటికి చూడాలి వాడిని, మొహం తేటపడి, చొక్కా వదులై, ఐదేళ్ళు వెనక్కి వెళ్ళినట్టుంటాడు. నిన్నటిదాకా "స్వామీ శరణం" అన్నవాడు శబరిమల నుంచి దిగాక "మామా ఎక్కడ కలుద్దాం" అని ఫోన్, సంక్రాంతి సెలవులు అయ్యేసరికి తగ్గిందంతా మళ్ళీ వచ్చి కూర్చుంటది. భక్తిని అనట్లేదు, నా గోల అంతా ఆ తర్వాతి పదిహేను రోజుల గురించే. మాలలో ఉన్నప్పుడు వాడికి మందు మానడం కష్టంగా అనిపించలేదంటే చుట్టూ అంతా మారిపోయింది కాబట్టి. మధ్యాహ్నం భిక్ష, రాత్రికి అల్పాహారం, తెల్లారకముందే చన్నీళ్ళ స్నానం, సాయంత్రం పూజ, భజన. ఎనిమిదింటికి ఫోన్ చేసేవాడే ఉండడు. మాల తీయగానే ఆ సాయంత్రాలు మళ్ళీ ఖాళీ అవుతాయి, ఖాళీ సాయంత్రాన్ని ఏం చేసుకోవాలో మనకి తెలిసింది ఒక్కటే.

సరే, నేనేం చేశానంటే, మొదట శుక్రవారం రాత్రికి షటిల్ స్లాట్ బుక్ చేసుకున్నా, డబ్బులు కట్టాం కాబట్టి పోవాల్సిందే, ఆడొచ్చాక ఒళ్ళు హూనమైపోయి మందు గుర్తు రాదు. సిట్టింగ్‌కి వెళ్ళాల్సి వచ్చినప్పుడు ఇంట్లో తినేసి వెళ్తున్నా. "మందుకి వెళ్తూ పెరుగన్నం తినే మగాడిని మిమ్మల్నే చూస్తున్నా" అంటది మా ఆవిడ, కానీ కడుపు నిండి ఉంటే మంచింగ్ సగం తగ్గుద్ది, మందు కూడా నిదానంగా ఎక్కుద్ది. కూల్ డ్రింక్ మానేసి సోడా, నీళ్ళు. డయట్ కోక్ కలుపుకుంటే సరిపోద్ది కదా అనుకుంటారేమో, షుగర్ లేకపోతే మందు పొట్టలోంచి తొందరగా దిగి కిక్ ఇంకా ముందే ఎక్కుద్ది, అది చూసుకోండి. ఇంట్లో పోసుకుంటే మాత్రం కొలత గ్లాసు కావాల్సిందే, చేత్తో వంచితే ఎవడికీ అరవై రాదు, ఎనభైయో తొంభైయో పడుద్ది, దాన్నే మనం ఒక పెగ్ అని లెక్క చెప్తాం. ఇంకోటి, ఇంట్లో ఫుల్ బాటిల్ పెట్టట్లేదు. రేటు చూస్తే ఫుల్లే లాభం, నిజమే, కానీ అడుగున రెండు పెగ్గులు మిగిలితే "ఇంతేగా, ఇంకెందుకు ఉంచడం" అనిపిస్తది చూడండి, ఆ రెండు పెగ్గులు మనిషి కోరి తాగేవి కావు, సీసా ఖాళీ చేయడానికి తాగేవి.

ఫ్రెండ్స్ దగ్గర సాకు ఏం చెప్పాలన్నది పెద్ద సమస్య. యాంటీబయాటిక్స్ వాడుతున్నా అంటే ఎన్నిసార్లని నమ్ముతారు. "నాకోసం ఒక్కటి, కంపెనీ ఇవ్వు మామా" అనేవాడికి ఆరోగ్యం గురించి చెప్తే ఇంకా రెచ్చిపోతాడు. కారు తాళాలు టేబుల్ మీద పెట్టి "ఇవాళ నేను డ్రైవింగ్, అందర్నీ దింపుతా" అంటే మాత్రం ఒక్కడూ నోరెత్తడు, పైగా ప్రేమగా చూస్తారు.

బరువు వెంటనే తగ్గుద్ది అనుకుంటే మాత్రం కష్టం. మొదట్లో నాకు అంగుళం కూడా కదల్లేదు, రాత్రి తొమ్మిదయ్యేసరికి స్వీట్ మీద ప్రాణం లాగేది, మందు తగ్గించినవాళ్ళు చాలామంది ఇదే చెప్తారు, జామకాయో బత్తాయో దగ్గర పెట్టుకుంటే కొంత నయం. ముందుగా మారింది నిద్ర. మందు పడితే పడుకోగానే నిద్ర పడుద్ది గానీ సెకండ్ హాఫ్ అంతా పాడు, మూడింటికి నాలుక పిడచకట్టి మెలకువ వస్తది, గురక పక్కగదిలోకి వినపడుద్ది. అది పోయింది. తర్వాత నిదానంగా నాలుగైదు కేజీలు తగ్గాయి, ట్రైగ్లిజరైడ్స్ దిగాయి, ఎస్‌జీపీటీ నార్మల్‌కి వచ్చింది. గ్రేడ్ వన్ అని మాత్రం స్కానింగ్‌లో ఇంకా అలాగే ఉంది, దానికి టైం పడుద్దండీ అంది డాక్టరమ్మ.

అంత తెలిసినవాడివి పూర్తిగా మానొచ్చుగా అంటారు. నిజానికి మానడమే మంచిది, ఇంతవరకూ తాగితే ఏం కాదు అనే హద్దు లేదని డబ్ల్యూహెచ్‌ఓ 2023 జనవరిలోనే చెప్పేసింది, ఆల్కహాల్‌ని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో, అంటే క్యాన్సర్ తెస్తాయని రుజువైన వాటిలో, 1988లోనే పెట్టారు. నాకు ఈ తగ్గించడం నిలబడుతోంది కాబట్టి దీన్ని పట్టుకున్నా, అంతే. తెలిసి కొంచెం తాగడం వేరు, దానికి మందుల చీటీ రాసుకోవడం వేరు. కిడ్నీలో రాళ్ళకి బీరు మంచిదని మా ఊళ్ళో ఇప్పటికీ తాగుతారు, ఒంటికి ఎక్కువ వచ్చే మాట నిజమే, ఒంట్లో నీళ్ళు కూడా లాగేస్తది, యూరిక్ యాసిడ్ పెంచుద్ది, ఆ పని మంచినీళ్ళు ఫ్రీగా చేస్తాయి. జలుబుకి బ్రాందీ కూడా అంతే. ఇక కల్లు నేచురల్ అంటారు, చెట్టు మీంచి దించింది అయితే ఏమో గానీ హైదరాబాద్ చుట్టుపక్కల ఆల్ప్రజోలం అనే మత్తుమందు కలిపిన కల్తీ కల్లు ఎన్నిసార్లు పట్టుబడిందో పేపర్లు చదివేవాళ్ళకి తెలుసు.

ఇదంతా నాలాగ వారానికి ఒకటీ రెండుసార్లు కూర్చునేవాళ్ళ కోసం. రోజూ తాగేవాళ్ళు, పొద్దున లేవగానే చేతులు వణికేవాళ్ళు దయచేసి ఇది చదివి రేపట్నుంచి బంద్ అని ఒక్కసారిగా ఆపేయకండి, ఫిట్స్ రావచ్చు, మతి తప్పి ఏదేదో మాట్లాడే పరిస్థితి రావచ్చు, ప్రాణం మీదకి కూడా రావచ్చు. డాక్టర్ చూస్తూ ఉండగా మందులతో ఆపించాలి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు చెప్తే మనవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి, అక్కడికి పోయి బాగుపడినవాళ్ళున్నారు. ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే మానసిక సమస్యలకి సర్కారు హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, డీ అడిక్షన్‌కి 14446 ఉంది, రెండూ ఫ్రీ.

వచ్చే నెల మా అక్కావాళ్ళు డాలస్ నుంచి వస్తున్నారు. మనిషికి రెండు లీటర్లు డ్యూటీ లేకుండా తెచ్చుకోవచ్చు కదా, బావ ఎప్పుడూ అక్క కోటా కూడా కలిపి నాలుగు లీటర్లు నింపుకుని వస్తాడు, అందులో సగం నాకే. మొన్న ఫోన్ చేసి "ఏరా, ఈసారి ఏ బ్రాండ్" అన్నాడు. ఒక్కటి చాలు బావా, మిగతా బరువుకి కాస్ట్‌కో బాదం, పిస్తా తీసుకురా అన్నా. అటువైపు కాసేపు మాట లేదు, తర్వాత గొంతు తగ్గించి "ఏంట్రా, షుగర్ గానీ వచ్చిందా, అక్కకి ఫోన్ ఇవ్వనా" అన్నాడు.