తాతయ్య బర్త్ సర్టిఫికెట్

యానాంలో ఫ్రెండ్ వాళ్ళ తాతయ్య ట్రంకు పెట్టె అడుగునుంచి ఓ కాగితం తీసి నా చేతిలో పెట్టారు, చూస్తే మొత్తం ఫ్రెంచే, ఆయన ఇంటిపేరు స్పెల్లింగ్ అయితే ఇంకెవరిదో అన్నట్టుంది.

పుట్టింది 1950లో. అంటే పక్కన కాకినాడకి స్వతంత్రం వచ్చిన మూడేళ్ళకి ఈయన ఫ్రెంచి పాలనలో పుట్టారు!

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య గారు వాళ్ళు యానాంని విడిపించారు, ఆ నవంబర్ 1న పాలన ఇండియా చేతికొచ్చింది, కానీ చట్టప్రకారం కలిసింది మాత్రం 1962 ఆగస్టు 16నే, అప్పటికి తాతయ్యకి పన్నెండేళ్ళు.

స్కూల్లో మాకు ఆగస్టు 15 ఒక్కటే చెప్పారు. ఈ ఊరోళ్ళ ఎదురుచూపు ఎవరూ చెప్పలేదు, నిజంగా బాధేసింది.

తాతయ్య కాగితాన్ని మళ్ళీ పాత మడతల మీదే మడిచి, పంచెల కింద పెట్టేశారు.