పనామా కాలువ దగ్గర ఆగిపోయాం

నిన్న రాత్రి ఒక్క ఎపిసోడే అనుకుని కూర్చున్నాం, నేనూ తమ్ముడూ. నెట్‌ఫ్లిక్స్‌లో ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’ అనే సైన్స్ ఫిక్షన్ సిరీస్, ఐదోది. దీనికి మూలమైన చైనా రచయిత లియు సిషిన్ నవల ముందే చదివాను కాబట్టి ఏం జరగబోతోందో నాకు తెలుసు. పనామా కాలువకి అడ్డంగా కంటికి కనపడని, దేన్నయినా కోసేసే నానో తీగలు కడతారు. ఓడ వాటిలోకి వస్తుంది.

తెలిసి కూడా చేతిలో టీ చల్లారిపోయింది.

పుస్తకంలో ఆ ఘట్టాన్ని నేను లెక్కలాగా చదివేశాను. తీగకీ తీగకీ మధ్య అర మీటరు దూరం. రాత్రయితే మనుషులు పడుకుని ఉంటారు, సందుల్లో తప్పించుకోవచ్చు, అందుకే పగలు. ఎంత చల్లగా చెప్తాడో! టీవీలో అలా కుదరదు. ఓడలో పిల్లలు కనిపించారు. తమ్ముడు రిమోట్ తీసుకుని ఆపేశాడు. "ఇది పుస్తకంలో కూడా ఉందా అన్నయ్యా?" అన్నాడు. పిల్లల్ని చూసిన గుర్తు నాకు లేదు.

నవల్లో శాస్త్రవేత్త వాంగ్ మియావో ఒక్కడు చేసే పనిని ఇక్కడ ఆక్స్‌ఫర్డ్ స్నేహితులు ఐదుగురికి పంచారు. నాకది ఇప్పటికీ మింగుడు పడలేదు. ఇదే కథని చైనాలో టెన్సెంట్ కంపెనీ 2023లో 30 ఎపిసోడ్లు తీసింది. నవలకి దగ్గరగా ఉంటుంది, నిజమే. కానీ నిజం చెప్పొద్దూ, రెండుసార్లు మధ్యలో నిద్రపోయాను. నెట్‌ఫ్లిక్స్‌ది మొదటి సీజన్ 8 ఎపిసోడ్లే, పైగా తర్వాతి నవలల ముక్కలూ కలిపేశారు. ఒక్కసారీ కునుకు రాలేదు.

పొద్దున లేచి చూస్తే షెల్ఫులో పుస్తకం లేదు. తమ్ముడి దిండు పక్కన ఉంది.