టీబీ తగ్గింది, గని దుమ్ము మిగిలింది

సాయంత్రమైతే సన్నగా జ్వరం, రాత్రి చెమటలు, ఆగని దగ్గు. మనిషి సగమైపోయాను. మొదట చూపించుకున్న ప్రైవేటు ఆసుపత్రిలో ఎంతసేపూ బీడీల గురించే అడిగారు. జన్మలో బీడీ ముట్టనివాణ్ణి. ఆస్తమా అని చెప్పి పంపేశారు.

నెల్లూరులో ఛాతీ డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "వయసులో ఉన్నప్పుడు ఏం పని చేసేవారండీ?" అన్నారు. ఆ ముక్క అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

సైదాపురం వైపు మైకా గనిలో డ్రిల్లింగ్ పని చేశానమ్మా అన్నాను. మా గనిలో నీళ్ళు పొయ్యకుండా పొడి రాయినే తొలిచేవాళ్ళం. సద్ది తినడానికి పైకొస్తే కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. మైకా మెరుస్తుంది కాబట్టి అందరూ దాన్నే అనుమానిస్తారు. అసలు ప్రమాదం దాని పక్కనుండే పలుగురాయిది. అందులోని సిలికా పొడి ఊపిరితిత్తుల్లో దిగిపోతే, క్రిముల్ని మింగే కణాలు దాన్ని మింగి అవే చచ్చిపోతాయట. అక్కడ మచ్చలు కడతాయి, ఆ జబ్బునే సిలికోసిస్ అంటారు. దాంతో టీబీ తేలిగ్గా పట్టుకుంటుంది. నాకు రెండూ ఉన్నాయని తేలింది.

మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత మూడు. సిలికోసిస్ ఉందని కోర్సు పొడిగించారు. వాంతులయ్యేవి, మూత్రం ఎర్రగా వచ్చి టెన్షన్ పడ్డాను. జ్వరం ఆగి, ఆకలేసిన రోజు మా ఆవిడ ఏడ్చేసింది.

మందుల కౌంటర్ దగ్గర పరిచయమైనాయన కోలారు బంగారు గనుల వాళ్ళ బిడ్డ. 2001లో అవి మూతపడ్డా, సైనైడుతో బంగారం తీసేశాక మిగిలిన పొడి గుట్టలు ఊరి పక్కనే ఉన్నాయనీ, గాలేస్తే ఇళ్ళలోకి వస్తుందనీ చెప్పాడు. మా దగ్గరా అంతే. సోవియట్ యూనియన్ పోయాక మైకాకి గిరాకీ పడిపోయి గనులు ఆగాయి. పలుగు గుట్టలు, నీళ్ళు నిలిచిన గోతులు మాత్రం ఎక్కడివక్కడే.

నేను గనిలో చేసిన రోజుల్లో 1952 గనుల చట్టం కింద సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తెలియజేయాల్సి ఉండేది. కానీ పరిహారం అడగడానికి నేను అక్కడ పనిచేసినట్టు కాగితం ముక్క లేదు. కూలి చేతికిచ్చేవాళ్ళు, అంతే. ఇది నాకు మింగుడు పడదు.

టీబీ పూర్తిగా పోయింది. మచ్చలు పోవు, మెట్లెక్కితే ఆయాసం. మా అక్క కొడుకు ఇప్పుడు పలుగురాయిని పిండి చేసే మిల్లులో చేస్తున్నాడు. వాణ్ణి వచ్చే వారం ఎక్స్‌రేకి తీసుకెళ్తున్నాను. వాడితో పనిచేసేవాళ్ళు కొందరు వస్తామన్నారు. ఆటో మాట్లాడాను.