మిర్చి ధరల కాలశ్రేణి: ఒక పీహెచ్‌డీ అధ్యాయం పూర్తి చేసిన నా అనుభవం

గుంటూరు, ఖమ్మం, వరంగల్ మార్కెట్లలో మిర్చి ధరలు కలిసి నడుస్తాయా, నడిస్తే ముందు కదిలేది ఏది, మిగిలినవి ఎంత ఆలస్యంగా సర్దుకుంటాయి అన్నది వ్యవసాయ అర్థశాస్త్రంలో నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలోని ఒక అధ్యాయం. దీనికి కావలసిన పరీక్షలన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి, ఆర్ వంటి సాఫ్ట్‌వేర్‌లో కొద్ది పంక్తుల కోడ్‌తో నడుస్తాయి. నా సమయాన్ని తినేసింది మాత్రం ఆ కోడ్ కంటే ముందు చేయవలసిన పని. శ్రేణిలోని, అంటే కాలక్రమంలో పేర్చిన ధరల వరుసలోని ప్రతి అంకె ఏ సరుకుకు, ఏ రోజుకు చెందినదో, అంకె లేని చోట ఎందుకు లేదో తేల్చుకోకుండా చేసిన పరీక్షకు విలువ లేదని మా గైడ్ మేడమ్ మొదటి రోజే చెప్పారు. అధ్యాయం ముగిసేసరికి నా అభిప్రాయమూ అదే అయింది.

దత్తాంశానికి ప్రధాన ఆధారం కేంద్ర ప్రభుత్వపు మార్కెట్ ధరల పోర్టల్ అగ్‌మార్క్‌నెట్. అక్కడ ప్రతి మార్కెట్‌కూ రోజువారీ రాబడితో పాటు క్వింటాలుకు కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర దొరుకుతాయి. మోడల్ ధర అంటే ఆ రోజు ఎక్కువ సరుకు అమ్ముడైన ధర. పత్రికల్లో ఎక్కువగా వచ్చేది గరిష్ఠ ధర కాబట్టి, పాత పేపర్లతో సరిచూసుకుందామనుకునే పరిశోధకులకు అదే నమ్మకంగా కనిపిస్తుంది. ఖమ్మం యార్డులో ఒక ఉదయం పాట దగ్గర నిలబడి చూస్తే విషయం వేరుగా ఉంది. అక్కడ రోజు మొదలయ్యేది జెండా పాటతో. బాగా ఎండి, రంగు తేలి, తాలు లేని ఒక లాట్ చుట్టూ వ్యాపారులు గుమిగూడి పాడిన ధర ఆనాటి జెండా ధర అవుతుంది. ఆ తర్వాత వరుసల్లోకి వెళ్లి కాయను చేత్తో నలిపి చూసి కట్టే ధరలన్నీ దాదాపు దానికి కిందే ఉంటాయి. "మేడమ్, జెండా పాట రేటు పేపర్ల రాసుకోనీకే, మా బస్తాకు రాదు" అని పక్కనున్న రైతు ఒకాయన అన్నమాట నా అధ్యాయంలో గరిష్ఠ ధరను పక్కన పెట్టడానికి ఇచ్చిన వివరణలో సారాంశంగా చేరింది. ధరల శ్రేణిగా మోడల్ ధరనే తీసుకున్నాను.

గుంటూరుది మరో చిక్కు. అక్కడ కొత్త పంట జనవరి నుంచి ఏప్రిల్ వరకు జోరుగా వస్తుంది, రోజూ యార్డుకు వచ్చిన టిక్కీల (బస్తాల) లెక్కే వార్త అవుతుంది. మే నెలలో వేసవి సెలవులకు యార్డు మూతపడి, మళ్లీ జూన్‌లో తెరుచుకుంటుంది. సెలవుల తర్వాత అమ్ముడయ్యే సరుకులో ఎక్కువ భాగం శీతల గిడ్డంగుల నుంచి వచ్చిన కాయ. వ్యాపారులు దాన్ని ఏసీ సరుకు అంటారు, నేరుగా కల్లం నుంచి వచ్చినదాన్ని నాన్ ఏసీ అంటారు, రెండింటికీ ధరలు విడిగా ప్రకటిస్తారు. ఏసీ కాయ ధరలో గిడ్డంగి అద్దె, నిల్వకు పెట్టిన అప్పు మీద వడ్డీ కలిసి ఉంటాయి. కాబట్టి మే నెలకు ముందు ధర, జూన్ తర్వాత ధర పక్కపక్కన పెడితే కనిపించే ఎగుడుదిగుడును మార్కెట్‌కు తగిలిన తాకిడిగా చదవడం సరికాదు, అమ్ముడయ్యే సరుకే మారిపోయింది. రకాల సంగతి కూడా అంతే. తేజ, 334, బాడిగ ధరల మధ్య తేడా పెద్దది కాబట్టి అన్నిటినీ కలిపిన శ్రేణిలో ధర పెరిగిందా, రకాల వాటా మారిందా అని విడదీయలేము. మూడు మార్కెట్లలోనూ దొరికే తేజ రకానికే పరిమితమయ్యాను.

ఇక ఖాళీల సంగతి. ఆదివారాలు, పండుగలు, వేసవి సెలవులు, 2020 మార్చి చివర వచ్చిన లాక్‌డౌన్, ఇవన్నీ శ్రేణిలో ఒకేలా ఖాళీగానే కనిపిస్తాయి, కానీ ఒకటి కాదు. రెండు చివరలనూ కలిపి సరళరేఖతో పూడిస్తే, ఎవరూ ఏమీ అమ్మని వారాలకు మనమే నున్నటి ధరలు కల్పించినట్టవుతుంది. ఆ నునుపు తర్వాత పరీక్షల్లో స్వీయ సహసంబంధంగా (ఈ వారం మార్పు గత వారం మార్పును పోలి ఉండటంగా) బయటపడి, మార్కెట్ నెమ్మదిగా సర్దుకుంటున్నట్టు చూపిస్తుంది. చివరి ధరనే ముందుకు లాగితే మార్పు సున్నా అయిన వారాలు వరుసగా చేరతాయి. నేను సెలవులను ఖాళీగానే ఉంచి, వెనకటి వారాల విలువలు ఆ ఖాళీకి అవతల పడే పరిశీలనలను నమూనా నుంచి తీసేశాను. దీనివల్ల ప్రతి ఏడాదీ కొన్ని వారాలు పోతాయి, నష్టమే అయినా అది కనిపించే నష్టం.

వారానికి ఒక ధర ఎలా తేవాలన్నది దీని వెంటే వచ్చే ప్రశ్న. సగటు తీసుకోవడం సహజంగా తోస్తుంది. కానీ రోజువారీ మార్పుల మధ్య ఏ సంబంధమూ లేకపోయినా, వారపు సగటుల మార్పుల మధ్య సంబంధం పుట్టుకొస్తుందని ఆర్థికవేత్త హాల్‌బ్రూక్ వర్కింగ్ 1960లోనే చూపించారు. ఐదు పనిదినాల వారానికి లెక్క కడితే ఆ కృత్రిమ సహసంబంధం 0.235 వస్తుంది. ధర ఎంత వేగంగా సర్దుకుంటుందన్నదే ప్రశ్న అయినప్పుడు ఇంత సహసంబంధాన్ని మనమే చేర్చడం తగదు. అందుకని బుధవారం ధర తీసుకున్నాను, బుధవారం సెలవైతే గురువారానిది.

ఇంతా అయ్యాక అసలు పరీక్షలు. కాలంతో పాటు ఒకే దిశలో సాగే ఏ రెండు శ్రేణులకైనా సహసంబంధం ఎక్కువే వస్తుంది. ఇంగ్లండ్‌లో చర్చి పెళ్ళిళ్ల వాటాకూ మరణాల రేటుకూ 1866 నుంచి 1911 వరకు 0.95 సహసంబంధం ఉందని చూపి గణాంకవేత్త యూల్ 1926లో హెచ్చరించారు. 1974లో గ్రాంజర్, న్యూబోల్డ్ ప్రతిగమనంలో (రిగ్రెషన్‌లో) అదే ప్రమాదాన్ని నిరూపించారు. కాబట్టి ముందు యూనిట్ రూట్ పరీక్ష. ధరకు తగిలిన తాకిడి ప్రభావం చెరిగిపోకుండా నిలిచిపోతే ఆ శ్రేణిలో యూనిట్ రూట్ ఉందంటారు. డికీ–ఫుల్లర్ పరీక్షలో శూన్య పరికల్పన (పరీక్ష మొదట నిజమనుకునే మాట) యూనిట్ రూట్ ఉందని, కేపీఎస్ఎస్ పరీక్షలో యూనిట్ రూట్ లేదని. రెండూ కలిపి చూస్తేనే నమ్మకం. అయితే శ్రేణి మధ్యలో నిర్మాణాత్మక విచ్ఛేదం (ధర తీరే మారిపోయే మలుపు) ఉంటే డికీ–ఫుల్లర్ దాన్ని యూనిట్ రూట్‌గా పొరబడుతుందని 1989లో పెరోన్ చెప్పారు. మిర్చికి అలాంటి మలుపులకు కొరత లేదు. 2016లో మంచి ధర చూసి రైతులు సాగు పెంచారు, 2017లో సరుకు పోటెత్తి ధర కుప్పకూలింది, ఆ మే నెలలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం (ధర పడిపోయినప్పుడు ప్రభుత్వం సరుకు కొనే పథకం) కింద క్వింటాలుకు రూ.5,000 ప్రకటించింది. 2021 చివర నల్ల తామర పురుగు తోటలను దెబ్బతీశాక ధర ఎదురు దిశలో పరుగెత్తింది.

విచ్ఛేదపు తేదీని దత్తాంశమే వెతికి పెట్టే జివోట్–ఆండ్రూస్ పరీక్ష చాలామందికి సులువైన దారి. ఆ వెతుకులాటకు మూల్యం ఉంది: ధోరణితో కూడిన డికీ–ఫుల్లర్‌కు 5 శాతం స్థాయిలో సందిగ్ధ విలువ (శూన్య పరికల్పనను కొట్టేయడానికి దాటవలసిన హద్దు) –3.41 అయితే, స్థాయి, ధోరణి రెండూ మారే నమూనాలో ఇక్కడ –5.08. తేదీ చరిత్ర నుంచి ముందే తెలిసినప్పుడు ఆ మూల్యం ఎందుకు చెల్లించాలన్నది నా వాదన. అయితే ప్రభుత్వ ప్రకటన వచ్చిన తేదీ ధర విరిగిన తేదీ కాదు. 2017 పతనం కొత్త పంట రాబడితోనే మొదలైంది, ప్రకటన దాని వెనక వచ్చింది. మేడమ్‌తో ఎక్కువ చర్చ జరిగింది దీని మీదే, చివరకు విచ్ఛేదాన్ని కొత్త పంట మార్కెట్‌కు వచ్చిన వారాల దగ్గర పెట్టాము.

ధరలు దీర్ఘకాలంలో కలిసి నడుస్తాయా అని చూసే కోఇంటిగ్రేషన్ దశ దీంతో పోలిస్తే సాఫీగా సాగింది. రెండేసి మార్కెట్లకు ఎంగిల్–గ్రాంజర్ పరీక్ష, మూడింటికీ కలిపి జోహాన్సెన్ పరీక్ష. ఎంగిల్–గ్రాంజర్ చేసేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: అవశేషాలపై (ప్రతిగమనం వివరించలేక మిగిల్చిన భాగంపై) చేసే పరీక్షకు, ధోరణి లేని డికీ–ఫుల్లర్‌కు వాడే మామూలు –2.86 పనికిరాదు, రెండు చలరాశులకు సందిగ్ధ విలువ –3.34 దగ్గర ఉంటుంది, ఎందుకంటే ఆ అవశేషాలు వీలైనంత చిన్నవిగా ఉండేలా ప్రతిగమనమే ముందుగా ఎంచి పెట్టింది. మార్కెట్ల మధ్య తేడా వారానికి ఎంత తగ్గుతుందో చెప్పే దోష సవరణ నమూనాలో సర్దుబాటు గుణకం –0.2 అయితే తేడాలో సగం తగ్గడానికి సుమారు 3.1 వారాలు పడుతుంది. పాఠకుడికి గుణకం కంటే ఈ అర్ధాయువు చెప్పడమే మేలు.

ఫలితాన్ని చదవడంలో నేను కావాలనే వెనక్కి తగ్గాను. ముందు కదిలేది ఏదో చూడటానికి వేసే గ్రాంజర్ పరీక్ష చెప్పేది ఒక మార్కెట్ గత ధరలు మరో మార్కెట్ రాబోయే ధరను అంచనా వేయడానికి పనికొస్తాయా అన్నది మాత్రమే. తేజకు విదేశాల నుంచి, ముఖ్యంగా చైనా నుంచి గిరాకీ ఉంది. ఆ ఆర్డర్లు ఒక యార్డులో ముందు, మరో యార్డులో తర్వాత ధరలోకి ఎక్కితే మొదటిది రెండోదాన్ని నడిపిస్తున్నట్టు కనిపిస్తుంది, నడిపించేది రెండింటికీ బయట ఉంటుంది. అందుకే "గుంటూరు ధర నిర్ణయిస్తుంది" అన్న వాక్యాలన్నీ కొట్టేసి "గుంటూరు ధర ముందు కదులుతుంది" అని తిరగరాశాను. రవాణా ఖర్చు కంటే తక్కువ తేడాను వ్యాపారి పట్టించుకోడన్న ఊహతో త్రెషోల్డ్ నమూనా కూడా వేయవచ్చు. మార్కెట్ల మధ్య లారీ కిరాయిల వారపు శ్రేణి చేతిలో లేకుండా దాన్ని వేయడానికి నాకు మనసొప్పలేదు.

వైవాలో బయటి పరీక్షకులు మొదట అడిగింది మే నెల ధరలు ఎక్కడ అని. యార్డు మూతపడిన సంగతి, ఏసీ, నాన్ ఏసీ తేడా చెప్పాక ఆయన తల ఊపి, ఖాళీలను మరో రెండు విధాలుగా పూడ్చి అదే నమూనా నడిపిన ఫలితాలను పక్కపక్కన పట్టికగా పెట్టమన్నారు. మార్కెట్లు కలిసి నడుస్తాయన్న ఫలితం మూడు విధాలా నిలిచింది. సరళరేఖతో పూడ్చినప్పుడు మాత్రం అర్ధాయువు పెరిగింది. ఆ పట్టికను అనుబంధంలో కాకుండా అధ్యాయంలోనే, దత్తాంశ వివరణ వెంటే పెట్టి సమర్పించాను.